పెరటి అద్దాల తలుపు, దాని కింది చక్రాలు

మా ఇల్లు శ్రీకాకుళం పట్టణంలో, నాగావళికి పెద్ద దూరం లేని ఒక వీధిలో ఉంది. 2016లో ఇల్లు కట్టుకున్నప్పుడు హాలుకూ వెనుక వసారాకూ మధ్య ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న అల్యూమినియం స్లైడింగ్ తలుపు పెట్టించాము. దానికి రెండు అద్దాల రెక్కలు, ఒక దోమల మెష్ రెక్క, కింద మూడు ట్రాకులు ఉన్నాయి. వసారా దాటితే పెరడు, పెరట్లో తులసికోట, నుయ్యి, రెండు కొబ్బరి చెట్లు. మా అమ్మ తెల్లవారి లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఆ తలుపు గుండా ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్క లేదు. అందువల్ల దాని ఇబ్బంది మా అందరి కంటే ముందు ఆమె చేతులకే తెలిసింది. "ఈ తలుపు లాగడానికి నా రెండు సేతులూ సాలట్లేదురా బాబూ" అని ఆమె అన్న నాటి నుంచి నేను ఆ తలుపు సంగతి పట్టించుకోవడం మొదలుపెట్టాను. అంతకు ముందు మూడేళ్ళూ గట్టిగా తోసి పని గడుపుకున్నాను. అలా తోయడమే తలుపును ఎక్కువ పాడుచేసిందని తరువాత గాని తెలియలేదు.

ముందుగా ఈ తలుపు ఎంత బరువో చెప్పాలి. అద్దం ఒక చదరపు మీటరుకు, ఒక్కొక్క మిల్లీమీటరు మందానికి, రెండున్నర కిలోలు తూగుతుంది. మా రెక్క ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, అంటే రెండు చదరపు మీటర్లకు కొద్దిగా తక్కువ. అద్దం మందం 6 మిల్లీమీటర్లు. ఆ లెక్కన అద్దమే ఇంచుమించు 29 కిలోలు ఉంటుంది, చట్రం బరువు దానికి అదనం. ఇంత బరువూ రెక్క అడుగున ఇరువైపులా దాగి ఉన్న రెండే రెండు చిన్న చక్రాల మీద ఆని ఉంటుంది. పైన ఉన్న కాలువ రెక్కను నిలువుగా పట్టి ఉంచుతుందే గాని బరువు మోయదు. అందువల్ల తలుపు బిగుసుకుంటే పైకి చూడనవసరం లేదు, వంగి కింద చూడాలి. మాకు తెలిసిన ఒక పనివాడు మాత్రం మొదటిసారి వచ్చినప్పుడు వంగి చూడకుండానే, సెక్షన్ (అంటే అల్యూమినియం చట్రం) పాతబడింది, మొత్తం తీసేసి కొత్తది వేయించుకోవడమే మేలని చెప్పి వెళ్ళిపోయాడు. మూడేళ్ళ అల్యూమినియం ఎలా పాతబడుతుందో నాకు బోధపడలేదు. ఆ మాట విని డబ్బు ఖర్చుపెట్టి ఉంటే కొత్త తలుపు కూడా మళ్ళీ మూడేళ్ళకు ఇదే స్థితికి వచ్చేది.

మొదట నేను చేసిన వైద్యం కొబ్బరినూనె. కీచుమని చప్పుడు చేసే ఏ వస్తువుకైనా మన ఇళ్ళలో అదే మందు కదా. ట్రాక్ పొడవునా నూనె పోశాను. వారం పాటు తలుపు హాయిగా జరిగింది. నెల తిరిగేసరికి ఆ నూనెకు ఇసుక, దుమ్ము, జుట్టు అంటుకుని నల్లటి జిగురు ముద్దగా మారి, చక్రాలు మునుపటి కంటే గట్టిగా పట్టేశాయి. గ్రీజు రాసినా జరిగేది ఇదే. మన నేల ఇసుక నేల. వేసవిలో పడమటి గాలి తిరిగిన రోజున వసారా రెండుసార్లు తుడిచినా కాలి కింద కరకరలాడుతుంది. అటువంటి చోట ట్రాక్ మీద తడిగా నిలిచే ఏ నూనె అయినా దుమ్మును పోగుచేస్తుంది. ఆరిపోయి పలుచని పొరగా మిగిలే సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టి, పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయడమే ఇక్కడ పనికివస్తుంది. అది కూడా ట్రాక్ శుభ్రమైన తరువాతే.

శుభ్రం చేయడంలో క్రమం ముఖ్యం. నీళ్ళు ముందు పోయకూడదు. పొడి ఇసుక మీద నీళ్ళు పడితే అది బురదై మూలలకు చేరి గట్టిపడుతుంది. ముందు తలుపును ఒక పక్కకు జరిపి, రంగులు వేసే రెండంగుళాల పాత బ్రష్‌తో పొడిగా ఊడ్చాలి. మూలల్లో టూత్ బ్రష్ పెట్టాలి. అప్పటికీ అంటుకుని ఉన్నదాన్ని స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి గీరాలి. ఆ తరువాత పాత్రలు తోమే ద్రవం కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి తుడవాలి. చివర మంచినీళ్ళు పోసి కడగాలి. మా ట్రాక్‌లో బయటపడిన వస్తువుల్లో ఇసుక, వెంట్రుకలు, చీమల గూడు, ఎండిన తులసి గింజలతో పాటు తెల్లటి పేస్టు వంటి పదార్థం ఒకటి చాలా దొరికింది. అది తులసికోట ముందు అమ్మ రోజూ వేసే ముగ్గుపిండి. గాలికి ఎగిరి వచ్చి, వానజల్లుకు తడిసి, ఎండి గట్టిపడింది.

తెల్లగా కనిపించినదంతా ముగ్గు కాదని కూడా చెప్పాలి. కళింగపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న మా అప్ప ఇంట్లోనూ ఇలాంటి తలుపే ఉంది. దాని చట్రం మీద, ముఖ్యంగా స్క్రూల చుట్టూ, తెల్లటి పొడి పొక్కులుగా లేచి కనిపిస్తుంది. ముగ్గు అయితే తడిగుడ్డకు వచ్చేస్తుంది, కింద లోహం నున్నగా ఉంటుంది. అల్యూమినియం తినేయబడి వచ్చిన పొడి అయితే గీరినప్పుడు కింద చిన్న గుంట కనిపిస్తుంది. మామూలు ఇనుప స్క్రూను అల్యూమినియంలో బిగించి, దాని మీద ఉప్పుగాలి తేమ పడితే, రెండు లోహాల మధ్య బ్యాటరీలో జరిగే చర్య వంటిదే జరుగుతుంది. అల్యూమినియం కరుగుతూ పోతుంది, పైపూత పోయాక ఇనుము కూడా తుప్పుపడుతుంది. తీరంలో ఉన్నవాళ్ళు స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వేయించుకోవాలి, పది పదిహేను రోజులకొకసారి చట్రాన్ని మంచినీళ్ళతో తుడవాలి. ఇంకొక పెద్ద శత్రువు టైల్స్ కడిగే యాసిడ్. ఇల్లు కట్టిన తరువాత గచ్చు మీది సిమెంటు మరకలు పోవడానికి పనివాళ్ళు దాన్ని ధారాళంగా పోస్తారు. అది ట్రాక్‌లోకి జారి అల్యూమినియాన్నీ, చక్రాల బేరింగులనూ కలిపి తినేస్తుంది. పచ్చి సిమెంటులో ఉండే క్షారం కూడా అల్యూమినియానికి హాని చేసేదే. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు గచ్చు పని, రంగుల పని పూర్తయ్యాక గాని ఈ తలుపులు బిగించవద్దు. బిగించక తప్పకపోతే ట్రాక్‌ను టేపుతో మూసి ఉంచమని నా మనవి.

వాననీటి సంగతి నాకు తిత్లీ నేర్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, దసరా నవరాత్రులు మొదలైన మరునాడు, ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అక్కడ గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలి బతుకులు తలకిందులైన వాళ్ళ ముందు మా ఇంట్లో నీళ్ళు వచ్చాయని చెప్పుకోవడం నాకు సిగ్గుగానే ఉంటుంది. అయినా విషయం కోసం చెబుతున్నాను. ఆ రోజు జల్లు అద్దానికి అడ్డంగా కొట్టి, జారి ట్రాక్‌లో నిండి, లోపలి అంచు పొర్లి హాలులోకి వచ్చింది. తలుపు సందులనుంచి వాన దూరిందని అందరమూ అనుకున్నాము. నిజానికి స్లైడింగ్ తలుపు ట్రాక్‌లోకి నీరు రావడం తప్పు కాదు. కొంత నీరు వస్తుందని తెలిసే, అది బయటికి పోవడానికి చట్రం బయటి అంచున అడుగు మట్టంలో చిన్న రంధ్రాలు పెడతారు. మా తలుపుకు అటువంటివి మూడు ఉన్నాయి. మూడింటినీ వసారా టైల్స్ వేసినప్పుడు సిమెంటుతో పూడ్చేశారు. సన్నని మేకుతో, సుత్తి చాలా మెల్లగా కొడుతూ వాటిని తెరవడానికి నాకు ఒక పూట పట్టింది. ఇప్పుడు ఏటా మృగశిర కార్తెకు ముందు ఒక చెంబుడు నీళ్ళు ట్రాక్‌లో పోసి, బయట మూడు చోట్లా ధార కడుతోందా లేదా అని చూస్తాను. ఒక్కచోట ధార సన్నబడినా ఆ రంధ్రంలో చీపురుపుల్ల పెట్టి తీస్తాను. ఈ రంధ్రాలను సందులు పూడ్చే సిలికాన్ పేస్టుతో మూసేసి నీరు రాకుండా చేశామని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. అది పూర్తిగా తప్పు. సిలికాన్ వేయవలసింది చట్రానికీ గోడకూ మధ్య సందులో. అక్కడ కూడా వెనిగర్ వాసన వచ్చే రకం కాకుండా, సిమెంటుకూ రాతికీ పడే న్యూట్రల్ రకం అడిగి తీసుకోవాలి.

ట్రాక్ శుభ్రమైంది, నీరు పోతోంది, అయినా ఒక రెక్క మాత్రం బరువుగానే లాగవలసి వచ్చింది. అప్పుడు దాన్ని ఊడదీయక తప్పలేదు. ఈ పని ఒంటరిగా చేయకూడదు. మా బావ వచ్చాక ఇద్దరమూ చెరొకవైపు నిలబడి, చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు వేసుకుని మొదలుపెట్టాము. మా ఇంట్లో మెష్ రెక్క లోపలి ట్రాక్ మీద ఉంది కనుక ముందు దాన్ని తీశాము. అద్దాల రెక్కకు పైభాగంలో చిన్న ప్లాస్టిక్ దిమ్మె ఉంటుంది. బయటివాళ్ళు రెక్కను పైకెత్తి ఊడదీయకుండా అడ్డుకునేది అదే. దాన్ని విప్పి, రెక్క అంచున అడుగు భాగంలో మూత కింద ఉన్న స్క్రూ తిప్పి చక్రాలను లోపలికి లాగి, రెక్కను పై కాలువలోకి నిలువుగా ఎత్తి, అడుగు భాగాన్ని హాలు వైపు తెచ్చి దించాము. పాత దుప్పటి పరచి దాని మీద ఒక పొడవు అంచున నిలబెట్టి గోడకు ఆనించాము. టఫెన్డ్ అద్దం, అంటే బాగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన అద్దం, నడుమ తగిలే దెబ్బను బాగానే ఓర్చుకుంటుంది, కాని అంచుకు రాయి తగిలితే మొత్తం ఒక్కసారిగా చిన్న ముక్కలైపోతుంది. తయారైన తరువాత దాన్ని కోయడానికీ, రంధ్రం వేయడానికీ వీలుండదు, కొలత ఇచ్చి కొత్తది చేయించుకోవాలి. అలా చేయించేటప్పుడు భద్రతా అద్దాలకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 2553 ముద్ర మూలలో ఉందేమో చూసుకోవడం మంచిది.

రెక్కను వాల్చి చూస్తే జబ్బు తెలిసిపోయింది. ఒక చక్రం వేలితో తిప్పితే తిరుగుతోంది. రెండవది బిగుసుకుపోయి, ఒక పక్క చదునుగా అరిగిపోయి ఉంది. మూడేళ్ళుగా అది దొర్లలేదు, మా బలానికి ఈడ్చుకుంటూ వచ్చింది. ట్రాక్ మీద అది నడిచిన మేర ఒక మెరిసే గీత పడి, రెండుచోట్ల అంచు వంగి కూడా ఉంది. వంగినచోట లోపలి వైపు చెక్కముక్క ఆనించి, బయటనుంచి ప్లయర్‌తో కొద్దికొద్దిగా లాగి నిటారు చేశాము. చక్రాలు మాత్రం రెండూ మార్చాను. ఒక్కటే మారిస్తే రెక్క ఒకవైపు ఎత్తుగా నిలుస్తుంది. పాత చక్రాన్ని జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళడం అన్నిటికంటే తేలిక. చక్రం వ్యాసం, గాడి వెడల్పు, అది కూర్చునే గూడు ఎత్తు, ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా ఇంటికి తెచ్చాక పనికిరాదు. ఎంచుకునే వీలుంటే ఇంత బరువుకు జంట చక్రాలు, బేరింగు ఉన్నవి తీసుకోవాలి. అంతా కలిపి కొద్ది వందల రూపాయల్లో తేలిపోయింది.

తిరిగి ఎక్కించిన తరువాతి సర్దుబాటే ఓపికతో చేయవలసిన పని. రెక్కను చట్రానికి వేలెడు దూరంలో ఆపి, ఆ సందు పైనుంచి కింది దాకా ఒకే వెడల్పులో ఉందా అని చూడాలి. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే చట్రం వైపు చక్రం రెక్కను ఎక్కువగా ఎత్తిందని అర్థం, లేకపోతే రెండవవైపు చక్రం తక్కువగా ఎత్తిందని అర్థం. మా తలుపుకు స్క్రూ కుడివైపు తిప్పితే రెక్క లేస్తుంది. కొన్ని రకాలకు ఇది తిరగబడి ఉంటుంది. కనుక సగం చుట్టు తిప్పి, చూసి, మళ్ళీ తిప్పాలి. రెక్కను మరీ ఎత్తితే పై కాలువను రాసుకుంటుంది. ఎత్తు మారింది కనుక లాక్ కొక్కెం దాని గూటిలో పడలేదు. చట్రం మీది లాక్ పట్టీ స్క్రూలు వదులుచేసి రెండు మిల్లీమీటర్లు జరిపితే సరిపోయింది. ఆ తరువాతే దిమ్మెను మళ్ళీ బిగించాము. చాలామంది ఈ దిమ్మెను మరచిపోతారు. అది లేని తలుపుకు ఎంత మంచి లాక్ ఉన్నా పెరటి వైపు ఇల్లు తెరిచి ఉన్నట్టే.

రెక్కల అంచుల్లో ఉండే ఊలు పట్టీ గురించి రెండు మాటలు. దుమ్మునూ, చీమలనూ, చలిగాలినీ ఆపేది అదే. నలిగి చదునైపోతే గాడిలోనుంచి ఒక చివర పట్టుకుని లాగితే మొత్తం వచ్చేస్తుంది. పట్టీ అడుగుభాగపు వెడల్పు, ఊలు ఎత్తు కొలుచుకుని కొత్తది కొని అదే గాడిలో దూర్చాలి. ఎత్తు ఎక్కువైతే తలుపు మళ్ళీ బిగుస్తుంది.

ఒక్క విషయం మాత్రం పనిముట్లతో తేలలేదు. ఈ తలుపుకు గడప లేదు. అమ్మ మాత్రం శుక్రవారం నాడు ట్రాక్ అంచునే గడపగా భావించి పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతూ వచ్చింది. ఆ పసుపు ముద్ద ట్రాక్‌లోకి జారి చక్రాలకు అంటుకునేది. ఆమెను అది మానమనడం నాకు ఇష్టం లేకపోయింది. తలుపుకు బయట, వసారా వైపు, టెక్కలి నీలి గ్రానైట్ పలక ఒకటి ఆరడుగుల పొడవున చట్రానికి ఆనించి వేయించాను. నీటి రంధ్రాలు మూసుకుపోకుండా పలకను వాటి మట్టానికి కాస్త దిగువన ఉంచమని మేస్త్రికి దగ్గరుండి చెప్పాను. అమ్మ ఇప్పుడు ఆ పలకకే పసుపు రాస్తోంది. ముగ్గు కర్రలు కూడా దాని మీదే వేస్తోంది. కొత్త చక్రాలు వేసిన తేదీని రెక్క అడుగు అంచున మార్కర్‌తో రాశాను. అరిగిన పాత చక్రాన్ని ఈసారి కొలతకు పనికివస్తుందని స్క్రూల డబ్బాలో దాచాను. మెష్ రెక్కకు ఊలు పట్టీ మార్చడం ఒక్కటే ఇంకా మిగిలి ఉంది.