సఫారీ అయిపోయాక వచ్చిన జ్వరం

ఆఫ్రికా వెళ్తున్నామంటే అందరూ అడిగేది ఎల్లో ఫీవర్ టీకా గురించే. అది వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే ఉగాండాలో దిగనివ్వరు, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ ఆపేస్తారు కాబట్టి అది ముందే వేయించుకున్నాను. మలేరియా గురించి మాత్రం ట్రావెల్ ఏజెంటు గానీ టీకా వేసినవాళ్లు గానీ ఒక్క ముక్క చెప్పలేదు. ఏ కౌంటర్‌లోనూ అడగరు కదా, ఎవరికీ గుర్తుండదు. అక్కడ ప్రాణాలు ఎక్కువగా తీసేది మాత్రం అదే.

మా అక్కావాళ్లు ఉగాండా రాజధాని కంపాలాలో ఉంటారు. అందరం కలిసి మర్చిసన్ ఫాల్స్ పార్కుకి వెళ్లాం. అంత పెద్ద నైలు నది ఏడు మీటర్ల రాతి సందులో ఇరుక్కుని ఒక్కసారిగా దూకుతుంది, చూసి తీరాల్సిన చోటు. పగలు జీపులో సెట్సీ ఈగల బెడద. నీలం, నలుపు బట్టలకి అవి ఎగబడతాయని గైడు ముందే హెచ్చరించాడు, కుడితే చురుక్కుమంటుంది, అందుకే అందరి ధ్యాసా వాటి మీదే. దోమ ఎప్పుడు కుట్టిందో నాకసలు తెలీదు. మలేరియా దోమ పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా కుడుతుంది, మేమేమో రాత్రి భోజనాలు లాడ్జి వరండాలో, నదికి ఎదురుగా కూర్చుని చేశాం.

హైదరాబాద్ వచ్చిన రెండో వారంలో మొదలైంది. ముందు ఒళ్లునొప్పులు, తలనొప్పి, ఆ సాయంత్రానికి చలి. మే నెల ఎండల్లో రెండు రగ్గులు కప్పినా పళ్లు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి, తర్వాత జ్వరం, ఆ తర్వాత దుప్పటి పిండితే నీళ్లు కారేంత చెమట. దగ్గర్లోని క్లినిక్‌లో వైరల్ అన్నారు, డెంగీ పరీక్ష చేసి లేదన్నారు, పారాసిటమాల్ ఇచ్చి పంపారు. రాత్రి అక్క ఫోన్ చేసి వినగానే, "ఏమే, మలేరియా టెస్టు చేయించారా? లేదా? పొద్దున్నదాకా ఆగొద్దు, ఇప్పుడే వెళ్లు" అంది. ఆ మాటే నన్ను బతికించింది.

పెద్దాసుపత్రిలో వేలి రక్తంతో చేసే పరీక్షలో కాసేపటికే తేలింది, ఫాల్సిపారం, మలేరియాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన రకం. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఆర్టిసునేట్ ఇంజక్షన్లు ఇచ్చి, కాస్త తేరుకున్నాక మూడు రోజుల మాత్రలు రాశారు. అవి కొవ్వు ఉన్న తిండితో అయితేనే ఒంట్లోకి బాగా ఇంకుతాయట. వాంతి వస్తున్నా అమ్మ పట్టుబట్టి నెయ్యన్నం రెండు ముద్దలు తినిపించి మరీ మింగించేది. ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు రక్తపరీక్షలు తప్పలేదు, ఆ ఇంజక్షన్ తర్వాత ఆలస్యంగా రక్తం తగ్గే అవకాశం ఉందట. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం. మామూలు మనిషినవడానికి చాలా టైమ్ పట్టింది.

ఇప్పుడు అమ్మ అక్క దగ్గరికి వెళ్తోంది. డాక్టర్‌కి తన బీపీ మందుల చీటీ చూపించి, మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్ మాత్రలు రాయించాం. ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రోజూ వేసుకుంటూ, తిరిగొచ్చాక ఇంకో 4 వారాలు ఆపకుండా వాడాలి. అది వాడుతున్నన్నాళ్లూ ఒంటికి ఎండ పడదు, మింగాక వెంటనే పడుకోకూడదు. దాని బదులు వాడే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అనే ఇంకో మందు అయితే వచ్చాక 7 రోజులు చాలు. కంపాలాలో అక్క స్నేహితులు "మేమేమీ వేసుకోం" అంటారు, వాళ్ల మాట విని మానేయొద్దని అమ్మకి గట్టిగా చెప్పాను. దోమల్ని దగ్గరికి రానివ్వని డీట్ అనే మందు ఉన్న క్రీము సన్‌స్క్రీన్ మీద రాయాలి, కింద కాదు. సాయంత్రం నుంచి పొడుగు చేతుల జాకెట్టు, కాళ్లకి సాక్సులు, మందు పట్టించిన దోమతెర. ఇన్ని చేసినా నూటికి నూరు శాతం హామీ లేదు. వచ్చిన మూడు నెలల్లోపు జ్వరం తగిలితే డాక్టర్‌తో మొట్టమొదట అనాల్సింది "ఉగాండా వెళ్లొచ్చాను" అనే. అమ్మ పర్సులో అది రాసి పెట్టాను.