ఏఐ ఏజెంట్ కోసం టూల్స్ డాక్యుమెంటేషన్ రాయడం: నా అనుభవం

మా సపోర్ట్ టికెట్ల సిస్టమ్‌ని ఏఐ ఏజెంట్ వాడుకునేలా టూల్స్‌కి (అది పిలవగలిగే పనులకి) వివరణలు రాసే పని మొత్తానికి ఒడ్డున పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, రేపు ఇదే పని మీ నెత్తిన పడితే పనికొస్తుంది.

మొదటి భాగం తేలికే. ఎంసీపీ (ఏఐని బయటి టూల్స్‌కి కలిపే ప్రోటోకాల్) సర్వర్ పెట్టడం, మా సిస్టమ్‌తో వేరే ప్రోగ్రాములు మాట్లాడే ఏపీఐలో అవసరమైనవాటిని టూల్స్‌గా మార్చడం గొడవ లేకుండా అయిపోయాయి. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ఆ ప్రోటోకాల్‌ని విడుదల చేశాక లైబ్రరీలు బోలెడు వచ్చాయి, ఇక్కడ ఎవరూ పెద్దగా ఇబ్బంది పడరు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఏజెంట్‌ని నడిపే ఏఐ మోడల్ చూసేది ప్రధానంగా టూల్ పేరు, దాని వివరణ, ఇన్‌పుట్ జేసన్ స్కీమా (ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఉండాలో చెప్పేది). వెనకాల కోడ్ ఎంత చక్కగా ఉన్నా దానికి కనబడదు.

నన్ను ఏడిపించింది తేదీలు. టికెట్లు వెతికే టూల్‌లో 'డేట్' అని ఒక పారామీటర్ (టూల్‌కి ఇచ్చే ఇన్‌పుట్), దాని వివరణ "తేదీ", రకం స్ట్రింగ్, అంటే ఏ అక్షరాలైనా సరే. అంతే. మా ఏపీఐ వివరాలుండే పాత ఓపెన్‌ఏపీఐ ఫైల్లోంచి ఉన్నదున్నట్టు వచ్చేసింది. అది ఏ తేదీ? టికెట్ తెరిచిందా, మార్చిందా, మూసిందా? ఆ ఒక్క రోజేనా, ఆ రోజు నుంచా? దీన్ని మారుద్దామని ముందే అడిగాను, మెయిల్ కూడా పెట్టాను. "ఇన్నేళ్లుగా అందరూ వాడుతున్నారు, ఎవరికీ రాని అనుమానం నీకెందుకొచ్చింది" అన్నాడు బ్యాకెండ్ టీమ్ లీడ్. ఆ అందరూ తెలియకపోతే పక్కవాళ్లని అడిగి తెలుసుకున్నవాళ్లు. మా ఏజెంట్‌కి అలా అడిగే దారి లేదు, కనబడ్డ నాలుగు ముక్కల్నే నమ్ముకుని ముందుకెళ్లిపోతుంది.

డెమో రోజు పెద్దవాళ్లందరూ కూర్చున్నారు. "ఏప్రిల్ 3 నుంచి వచ్చినవాటిలో ఇంకా పరిష్కారం కాని ఫిర్యాదులు చూపించు" అని అడిగితే ఏజెంట్ 03/04/2025 అని పంపింది. సర్వర్ దాన్ని మార్చి 4గా చదివింది, పైగా ఆ ఒక్క రోజు టికెట్లే వెతికి, 200 స్టేటస్‌తో (అంటే 'అంతా సవ్యం') ఖాళీ లిస్టు ఇచ్చింది. తప్పని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఏజెంట్ "పెండింగ్ ఫిర్యాదులేమీ లేవు" అని ధీమాగా చెప్పేసింది. పక్కనే డ్యాష్‌బోర్డ్‌లో స్క్రీన్ నిండా ఫిర్యాదులు! "డాక్యుమెంటేషన్ సరిగ్గా రాశారో లేదో చూసుకోవాలి" అన్నాడు అదే టీమ్ లీడ్, అందరి ముందూ, నా వైపు చూస్తూ. తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత అందరూ ప్రాంప్ట్ (ఏజెంట్‌కి రాసిచ్చే సూచనలు) మీద పడ్డారు. "తేదీలు జాగ్రత్తగా పంపు" అని సిస్టమ్ ప్రాంప్ట్‌లో చేర్చారు. ఏం జాగ్రత్త? అదే ప్రశ్నకి ఒకసారి 2025-04-03 అని, ఇంకోసారి 03/04 అని పంపుతూనే ఉంది, ఒకసారి సరైన రోజు, ఒకసారి తప్పు రోజు. లాగ్స్‌లో ఒక్కో కాల్ ముందుపెట్టుకుని చూపించాకగానీ ఎవరూ ఒప్పుకోలేదు.

చివరికి పారామీటర్ పేరు 'క్రియేటెడ్ ఆఫ్టర్' అయింది. వివరణ ఇలా రాశాను: "ఈ తేదీన గానీ ఆ తర్వాత గానీ తెరిచిన టికెట్లు వస్తాయి. ఐఎస్ఓ 8601 పద్ధతిలో, ఏడాది-నెల-రోజు, ఉదాహరణకు 2025-04-03. మూసిన తేదీతో వెతకడానికి దీన్ని వాడొద్దు." స్టేటస్‌కి ఏవి చెల్లుతాయో స్కీమాలోనే ఈనమ్‌గా (చెల్లే విలువల జాబితాగా) పెట్టాను. అంతకన్నా ముఖ్యం, వేరే రూపంలో తేదీ వస్తే సర్వర్ ఊహించుకోకుండా తిప్పికొట్టేలా చేయించాను. మొదట "400, చెల్లని రిక్వెస్ట్" అని ఇచ్చారు, అది చూసి ఏజెంట్ అదే కాల్ మళ్లీ మళ్లీ పంపింది. "మీరు పంపింది 03/04/2025, కావలసింది 2025-04-03 లాంటి రూపం" అని మార్పించాక మరుసటి కాల్‌లోనే తనే దిద్దుకుంది. ఎర్రర్ మెసేజ్‌లు కూడా డాక్యుమెంటేషనే, వాటిని రాసే పని మీ చేతిలోకి తీసుకోండి. ఖాళీ లిస్టు వచ్చినప్పుడు కూడా ఏ తేదీ నుంచి, ఏ స్టేటస్‌తో వెతికిందో జవాబులోనే తిరిగి చెప్పించండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. 'మూసెయ్', 'ఆర్కైవ్' లాంటి దగ్గరి టూల్స్ ఉంటే ఏది ఎప్పుడు వాడకూడదో రాయండి. అలాగని పేజీలకి పేజీలు రాయకండి, మా సెటప్‌లో ఆ వివరణలన్నీ ప్రతిసారీ మోడల్ కాంటెక్స్ట్‌లోకి (అది చదవాల్సిన పాఠంలోకి) వెళ్తాయి. ఎంసీపీలో డిలీట్ లాంటి టూల్‌కి 'ఇది ప్రమాదకరం' అని గుర్తు పెట్టొచ్చు, కానీ అది సూచన మాత్రమే, దేన్నీ ఆపదు. అందుకే మేం డిలీట్ టూల్ అసలు ఇవ్వలేదు.

ఇప్పుడు టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు కూడా పాత వికీ వదిలేసి నా వివరణలే చదువుతున్నారు, ఆ మాట గర్వంగానే చెప్తున్నా. టైమ్‌జోన్ సంగతి మాత్రం బ్యాకెండ్ వాళ్ల దగ్గర ఇంకా నానుతోంది. అది తేలేదాకా "తేదీలన్నీ యూటీసీ ప్రకారం" అని వివరణలో చేర్చి పెట్టాను.