నా జడ మీద పడ్డ నింద

మొత్తానికి నిన్న రాత్రి మా ప్రయోగంలోని లోలకం ఏ గోలా చెయ్యకుండా కిందున్న రేకుకి 70 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరం దాకా దిగింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. రెండు వస్తువులు వెంట్రుక మందమంత దగ్గరికొచ్చినా న్యూటన్ గురుత్వ సూత్రం నిలుస్తుందా అని కొలవడం నా పని. మనకు తెలిసిన పొడవు, వెడల్పు, ఎత్తు కాక అదనపు డైమెన్షన్లు ఉంటే మిల్లీమీటరు లోపలే ఆ సూత్రం తప్పొచ్చని 1998లో అర్కానీ-హమెద్, డిమోపౌలోస్, డ్వాలీ అనే భౌతిక శాస్త్రవేత్తలు అన్నప్పటి నుంచి ఈ వేట జోరందుకుంది. సియాటిల్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2020లో 52 మైక్రాన్ల దాకా వెళ్లారు. అక్కడా న్యూటనే గెలిచాడు.

టంగ్‌స్టన్ తీగకు లోలకం వేలాడదీయడం, గాలి తీయడం, గురుత్వంతో దాన్ని మెలితిప్పే రంధ్రాల డిస్కును కింద తిప్పడం ఓపికుంటే అయిపోతాయి. నన్ను ఏడిపించింది మధ్యలో రేకు. గురుత్వం ముందు విద్యుత్ బలాలు రాక్షసులు. వాటిని ఆపడానికి బంగారు పూత ఉన్న పల్చటి బెరీలియం-రాగి రేకును రెంటి నడుమ బిగించి కడతాం. లోలకం దించుతూ కెపాసిటెన్స్ (రెంటి మధ్య ఎంత విద్యుత్ ఛార్జి నిలుస్తుందన్న కొలత, దగ్గరైతే పెరుగుతుంది) చూస్తే రేకుకి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మాకు ఆ దూరం 100 మైక్రాన్ల కన్నా తగ్గగానే లోలకం పిచ్చెక్కినట్టు కొట్టుకునేది. ఏదో తగులుతోంది.

గ్రూప్ మీటింగులో ప్రొఫెసర్ అందరి ముందూ నా జడ వైపు చూసి, “వెంట్రుక పడుంటుంది” అన్నారు. తలకు టోపీ, ఒంటికి క్లీన్‌రూమ్ సూటు వేసుకునే లోపలికెళ్తాను, అయినా సరే! అప్పట్నుంచి ల్యాబులో ఏది చెడినా నా జడే ముద్దాయి. ఛాంబర్ తెరిచిన ప్రతిసారీ మళ్లీ గాలి తీయాలి, తీగ మెలిక సర్దుకునేదాకా కాచుక్కూచోవాలి. ఫోన్లో విని మా అమ్మ కూడా “కత్తిరించెయ్యరాదూ” అంది. కత్తిరించలేదు.

రేకు విప్పి మైక్రోస్కోపు కింద మూలమూలా వెతికితే దొరికింది: అంచు పైకి లేచిన బంగారు పెచ్చు. తక్కువ కొటేషన్ అని మా పర్చేజ్ సెక్షన్ పట్టుబట్టి పంపిన షాపు పనితనం. ఆ ఫొటోను తర్వాతి మీటింగులో తెర నిండా పెట్టాను. “గుడ్” అన్నారు ప్రొఫెసర్. సారీ లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు పూత షాపు నుంచి ముందు శాంపిల్ ముక్క తెప్పించి, సెల్లోటేపు అంటించి లాగి చూడండి. పూత ఊడొస్తే కొటేషన్ ఎంత తక్కువైనా తిప్పి పంపండి. పర్చేజ్ వాళ్ల సంతకాల కోసం తిరగడం ఎలాగూ తప్పదు, కనీసం ఒక్కసారికే పోతుంది.