మిద్దె మీద ఎండ, బ్యాంకులో వడ్డీ

మా మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించి ఏడాది దాటింది. కర్నూలు ఎండ గురించి చెప్పేదేముంది, మార్చి వస్తే చెప్పుల్లేకుండా మిద్దె మీద అడుగు పెట్టలేం. ఆ ఎండ మా తాతల నాటి నుంచీ ఊరికే పడుతోంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు పెట్టించలేదంటే, రెండు లక్షలు ఒక్కసారిగా చేతిలో లేక. అంతే.

అప్పు కోసం తిరిగిన రెండు నెలల్లో నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. సోలార్ కరెంటు ధరని ఎండ కంటే వడ్డీయే ఎక్కువగా తేలుస్తుంది. థర్మల్ స్టేషన్‌కి ఏ రోజు బొగ్గు ఆ రోజు కొనుక్కోవచ్చు, సోలార్‌కి మాత్రం పాతికేళ్ల ఖర్చు దాదాపు మొదటి రోజే పెట్టాలి, ఆ తర్వాత వారానికోసారి దుమ్ము కడగడం తప్ప పెద్ద పనేం ఉండదు.

నా లెక్కే చూడండి. మిద్దె సోలార్‌కి కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, అది పోగా నా మీద పడింది లక్షా ఇరవై వేలు. (సబ్సిడీ ముందే చేతికివ్వరు, ప్యానెళ్లు బిగించి, మనం ఇచ్చిన కరెంటూ తీసుకున్న కరెంటూ లెక్కేసే నెట్ మీటర్ పెట్టి, అంతా అయ్యాకే ఖాతాలో పడుతుంది, అందాకా ఎవరి డబ్బో ఒకరిది అందులో ఇరుక్కోవాల్సిందే.) 7 శాతం వడ్డీకి, పదేళ్లకి, నెల వాయిదా 1,393. నెలకి సగటున 360 యూనిట్లు వస్తున్నాయి కాబట్టి యూనిట్ 3 రూపాయల 87 పైసలు పడింది. ఇదే డబ్బు మా వీధిలో దొరికే రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పదేళ్లలో తీర్చాలంటే నెలకి 2,646 కట్టాలి, యూనిట్ 7.35. ప్యానెళ్లు అవే, మిద్దె అదే. కరెంటు పంచే కంపెనీ, అదే డిస్కం, దగ్గర 360 యూనిట్లు కొంటే శ్లాబులన్నీ కలిపి సగటున 6 రూపాయల పైచిలుకు, సర్దుబాటు చార్జీలు పక్కన పెడితే. అంటే బ్యాంకు తలుపు తెరుచుకున్నవాడికి సోలార్ లాభం, తెరుచుకోనివాడికి నష్టం.

ఆ తలుపు నాకూ సులువుగా తెరుచుకోలేదు. కరెంటు మీటరు చనిపోయిన మా నాన్న పేరు మీద, ఇల్లు అమ్మ పేరు మీద, జీతం నా పేరు మీద. నేను వెళ్లిన మొదటి బ్యాంకులో, పేరు ఏదనుకోండి, ఒక్కో వారం ఒక్కో కాగితం అడిగారు, అన్నీ ఇచ్చాక ఫీల్డ్ ఆఫీసర్ సెలవులో ఉన్నాడన్నారు. మీటరు పేరు మార్పించుకుని వేరే బ్యాంకుకి పోతే పది రోజుల్లో అయిపోయింది.

పెద్ద ప్రాజెక్టులదీ ఇదే కథ, సున్నాలు ఎక్కువ అంతే. మా ఊరి దగ్గరే గని, శకునాల ఊళ్ల పక్కన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, దాదాపు ఆరు వేల ఎకరాలు, గుట్ట మీంచి చూస్తే చెరువేమో అనిపిస్తుంది. 2015 నవంబరులో అక్కడ 500 మెగావాట్లకి సన్‌ఎడిసన్ అనే అమెరికా కంపెనీ యూనిట్ 4.63కి పాడింది, అప్పటికి దేశంలో అదే తక్కువ. ఆరు నెలలు తిరక్కుండానే ఆ కంపెనీ అప్పుల్లో మునిగి దివాలాకెక్కింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కులో 3.15కి దిగింది. ఏడాదిన్నరలో రాయలసీమ ఎండేం మారలేదు కదా, ప్యానెళ్ల ధర పడిపోయింది. రెండుసార్లూ కొనేది కేంద్రం కరెంటు సంస్థ ఎన్టీపీసీ కాబట్టి బాకీ వసూలవుతుందన్న ధీమా అప్పులిచ్చేవాళ్లకి ఉంది. కొనేది రాష్ట్రమైతే అలాంటి ధీమా ఎంత పలుచనిదో 2019లో చూశాం. సోలార్, గాలిమరల కంపెనీలతో డిస్కంలు చేసుకున్న పాత ఒప్పందాల ధరలు తగ్గించాలని రాష్ట్ర ప్రభుత్వం తిరగదోడింది, వ్యవహారం కోర్టుకెక్కి 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ప్రకారమే కట్టమనేదాకా నడిచింది. ఆ రేట్లు ఎక్కువా తక్కువా అనే వాదనలోకి నేను పోను, నాకు అందులో రెండువైపులా న్యాయం కనిపిస్తుంది. కానీ రాసిచ్చిన మాట మారుతుందని తెలిస్తే బ్యాంకువాడు మళ్లీ వచ్చేవాడి దగ్గర వడ్డీ పెంచుతాడు, ఆ పెరిగిన పైసలు యూనిట్ మీదకే వస్తాయి, సోలార్ ఆగినచోట బొగ్గే మండుతుంది.

కార్బన్ లెక్క కూడా చెప్తాను. మన గ్రిడ్ కరెంటు ఒక్కో యూనిట్‌కి సగటున 0.7 కిలోల చుట్టూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నా 360 యూనిట్లకి నెలకి పావు టన్ను తగ్గినట్టు. తగ్గినట్టు అంటున్నానే గానీ, బిల్లు భయం పోయాక మా ఇంట్లో ఏసీ రాత్రంతా తిరుగుతోంది, ఇదివరకు రెండు గంటలకే ఆపేసేవాళ్లం. రాత్రి పూట ఆ కరెంటు మిద్దె మీద నుంచి రాదు కదా, ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ థర్మల్ స్టేషన్‌లో బొగ్గు కాలితేనో, ఇబ్రహీంపట్నం స్టేషన్‌లో కాలితేనో వస్తుంది. పగటి కరెంటుతో నీళ్లు పైకెక్కించి రాత్రి కిందికి వదిలే పిన్నాపురం ప్రాజెక్టు, 1,680 మెగావాట్లది, నంద్యాల జిల్లాలో పెట్టింది ఈ చిక్కు కోసమే.

మొన్న మా వీధిలో ఇస్త్రీ బండి అతను ప్యానెళ్ల వైపు చూపించి అడిగాడు, "సార్, అద్దింట్లో ఉండేటోళ్లకు ఇస్తారా ఇది?" ఓనరు ఒప్పుకోకుండా కుదరదని చెప్పా. ఇచ్చినా అతనికి పనికిరాదు, నెలకి 70 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ రూపాయి తొంభై, మూడు రూపాయల శ్లాబుల్లో బిల్లు రెండొందల లోపే. పైగా మిద్దె ఓనరుది, బిల్లు ఇతనిది, ఓనరుకేం పట్టింది?

అతని అసలు బాధ వేరే. బొగ్గుల పెట్టె వదిలేసి గ్యాస్‌తో నడిచే ఇస్త్రీ పెట్టె కొనాలని రెండేళ్లుగా అనుకుంటున్నాడు. ఏడెనిమిది వేలంట. బ్యాంకులో అడగొచ్చు కదా అన్నా. "అంత చిన్న లోను ఎవరిస్తారు సార్, రెండు రూపాయల వడ్డీకి తెస్తే నిలబడదు" అని, పెట్టెలో బొగ్గులు ఎగదోసి, నా చొక్కా అందుకున్నాడు.