గన్‌స్టార్ హీరోస్‌కి తొమ్మిదిన్నర, కాంట్రా 3కి ఎనిమిది

గన్‌స్టార్ హీరోస్‌లోని పెద్ద శత్రువు (బాస్) సెవెన్ ఫోర్స్ మళ్ళీ రూపం మార్చింది. గని బండి కింది పట్టాల మీంచి పైకప్పు పట్టాలకి ఎగిరింది. చేతిలో ఛేజర్, లైట్నింగ్ కలిపిన గన్. గురి పెట్టక్కర్లేదు, లేజరే శత్రువుని వెతుక్కుంటూ మెలికలు తిరిగి వెళ్తోంది. 1993 నాటి ఆట ఇది, సెగా వాళ్ళ మెగా డ్రైవ్ అనే గేమ్ యంత్రానిది! ఇవాళ ఆడినా ఒళ్ళు పులకరించింది.

గన్‌స్టార్‌లో మూల ఆయుధాలు నాలుగే: ఫోర్స్, లైట్నింగ్, ఛేజర్, ఫైర్. ఒకే రకం రెండైనా సరే, కలుపుకోవచ్చు. విడివిడిగా, కలిపి మొత్తం 14. ఛేజర్ కలిస్తే గురి తప్పదు గానీ దెబ్బ బలం తగ్గుతుంది. కొత్తవాళ్ళు కదులుతూ కాల్చగలిగే ఫ్రీ షాట్ తీసుకోండి. ఫిక్స్‌డ్ షాట్‌లో కాలుస్తున్నంతసేపూ కాళ్ళు కదలవు.

తర్వాత కాంట్రా 3. 1992, సూపర్ నింటెండో గేమ్ యంత్రం. దగ్గర రెండు గన్‌లు పెట్టుకోవచ్చు. ఒక్క తూటా తగిలితే ప్రాణంతో పాటు చేతిలో ఉన్న గన్ కూడా పోతుంది. రెండోది మిగులుతుంది. అందుకే చావు తప్పదనిపించిన క్షణంలో ఎక్స్ బటన్ నొక్కి పనికిరాని గన్‌కి మారిపోవాలి. ఒకేసారి పలువైపులా తూటాలు చిమ్మే స్ప్రెడ్ గన్ దక్కేది అలాగే.

2, 5 స్టేజీల్లో పైనుంచి కనిపించే నేల ఎల్, ఆర్ బటన్లు నొక్కితే గిర్రున తిరుగుతుంది. నేలని ఇలా తిప్పే మోడ్ 7 టెక్నిక్ అప్పట్లో అద్భుతమే, ఇప్పుడు మాత్రం దిక్కు తెలియదు. మార్కులు తగ్గింది అక్కడే.

యూరప్ వెర్షన్ జోలికి పోకండి. 60 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకి 60 సార్లు తెర మారేలా చేసిన ఆటలు అక్కడి 50 హెర్ట్జ్‌లో చాలావరకు ఆరో వంతు నెమ్మదిస్తాయి. పైగా అక్కడ కాంట్రా 3 పేరు సూపర్ ప్రోబోటెక్టర్, మనుషుల బదులు రోబోలు. టీవీలో గేమ్ మోడ్ పెట్టడం మరిచిపోవద్దు, లేదంటే జంప్ బటన్ నొక్కాక మనిషి ఆలస్యంగా లేస్తాడు.