బుజ్జమ్మ సదరం సర్టిఫికెట్: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం బుజ్జమ్మ సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి ఆసుపత్రిలో ఇచ్చే కాగితం, చేతికొచ్చింది. 75 శాతం అని ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచేదాకా నాకు ప్రాణం కుదుటపడలేదు. కడుపులో మంట చల్లారకముందే ఇది రాయాలని కూర్చున్నాను.

తిరుపతి పక్కన, తిరుచానూరు దాటాక, బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్ళను ఉంచుకుని చూసే ఒక ఇంట్లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. పొద్దున వచ్చి సాయంత్రం పోయే పని కాదు ఇది. వాళ్ళతోనే తిండి, వాళ్ళ గదిలోనే పడక. ఆరుగురు ఆడవాళ్ళు, అందరికీ నేను అత్తనే. ఇన్నేళ్ళలో నా చేతికింద ఒక్కరికి ఒంటి మీద పుండు పడలేదు, ఒక్కపూట మాత్ర తప్పలేదు. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

బుజ్జమ్మ అనేది మేము పిలుచుకునే పేరు. 34 ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్. అమ్మానాన్న ఇద్దరూ పోయారు. ఒక అన్న ఉన్నాడు. సంక్రాంతికి చీర తెచ్చి, గంటసేపు కూర్చుని పోతాడు.

2025లో రాష్ట్రమంతా దివ్యాంగుల పింఛన్లకు మళ్ళీ తనిఖీ పెట్టారు కదా, ఆసుపత్రికి వచ్చి మళ్ళీ పరీక్ష చేయించుకోమని మాకూ నోటీసు వచ్చింది. ఆధార్, పాత సర్టిఫికెట్, జిరాక్సులు పది నిమిషాల పని. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఏ ఆసుపత్రి అన్నది రాయను. ఏడు గంటలకే వెళ్ళి కూర్చుంటే పన్నెండు దాటాక పిలిచారు. హాలు నిండా జనం, మధ్యలో ఒక బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చున్నాయన తల ఎత్తకుండానే, "నువ్వెవరమ్మా?" అన్నాడు. "ఈమెను చూసుకునేదాన్ని సార్, ఇంట్లోనే ఉంటాను" అన్నాను.

"ఆయావా? రక్తసంబంధం ఉండేవాళ్ళని పిలుచుకోని రాపో."

అంతటితో వదిలినా బాగుండేది. ఫైలు తిప్పుతూ, హాలంతా వినపడేలా, "స్నానం ఎవరు చేయిస్తారు? నెలసరి వస్తే ఎవరు చూస్తారు? అది కూడా తెలీదా ఈమెకి?" అని అడిగాడు. మా వెనక మగవాళ్ళు, పిల్లలు, అంతా ఉన్నారు. బుజ్జమ్మ చున్నీ లాగి మొహం మీద కప్పుకుంది. ఆ రోజు కొత్త గాజులు వేసుకుని వచ్చింది, డాక్టరుకు చూపిస్తానని. ఆ చేతులు రెండూ చున్నీలోకి దాచేసుకుని గోడవైపు తిరిగిపోయింది. బస్సులో "అత్తా, ఇంటికి" అన్న మాట తప్ప ఏమీ మాట్లాడలేదు. రాత్రి గాజులన్నీ తీసి నా దిండు కింద పెట్టేసింది.

బుద్ధి ఎదగకపోతే సిగ్గు కూడా ఉండదని వీళ్ళకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. వాళ్ళింటి ఆడపిల్లను అలా నలుగురిలో నిలబెట్టి అడుగుతారా?

రెండోసారి వాళ్ళన్నను బతిమాలి తీసుకెళ్ళాను. అది ఇంకా ఘోరమైంది. ఏం అడిగినా, "తనే తింటాది సార్, తనే పోసుకుంటాది, బట్టలు తనే కట్టుకుంటాది" అని చెప్పుకుంటూ పోయాడు. నలుగురిలో చెల్లెలి లోపాలు చెప్పడానికి నామోషీ. అర్థం చేసుకోగలను, కానీ కోపం మాత్రం ఇంకా పోలేదు. ఎందుకంటే శాతం తేలేది ఆ జవాబుల మీదే. మనిషి రోజూ ఏ పని సొంతంగా చేసుకోగలదో, దగ్గరుండే వాళ్ళను అడిగి మార్కులు వేస్తారు. ఆ స్కోరు 36కూ 54కూ మధ్య ఉంటే 75 శాతం, 55 నుంచి 69 అయితే 50, 70 నుంచి 84 అయితే 25. 40 శాతం లేకపోతే నెలకు వచ్చే 6 వేలు ఆగిపోతాయి.

ఊరుకోలేక మధ్యలో అందుకున్నాను. "నీళ్ళు తనే పోసుకుంటాది సార్, అవి కాలుతున్నాయో లేదో చూసుకోదు. పోయిన కార్తీకంలో మరిగే నీళ్ళు పాదం మీద పోసుకునింది, ఇదిగో మచ్చ. అన్నం తనే తింటాది, నమలకుండా మింగుతాది. నేను పక్కన కూర్చోకపోతే గొంతుకు అడ్డం పడుతుంది." వాళ్ళన్న నా మీదికి లేచాడు. "అక్కా, నువ్వు జీతానికి ఉండేదానివి, నేను తోడబుట్టినోడిని" అన్నాడు. ఇద్దరూ ఒక మాట అనుకుని రండని ఫైలు చేతిలో పెట్టి పంపేశారు.

బయట జిరాక్స్ షాపు దగ్గర ఒకడు వచ్చి, డబ్బులిస్తే శాతం తానే వేయిస్తానన్నాడు. గట్టిగా కేకలేస్తే జారుకున్నాడు. దయచేసి ఇలాంటి వాళ్ళ దగ్గరికి పోకండి. దొంగ సర్టిఫికెట్ల వల్లే కదా నిజంగా అవసరమున్న వాళ్ళందరినీ మళ్ళీ లైన్లో నిలబెట్టింది!

మూడోసారి పోయేముందు రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో రాశాను: లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏది తనే చేసింది, ఏది నేను చేయించాను, రాత్రి ఎన్నిసార్లు లేపాల్సి వచ్చింది. ఆ రోజు ఒక చిన్న వయసు సైకాలజిస్టు ఉంది. వెళ్ళగానే, "మేడం, గదిలో మాట్లాడదాం, ఇక్కడ వద్దు" అన్నాను. లేచి తలుపు వేసింది. నలభై నిమిషాలు కూర్చుని పుస్తకమంతా చదివింది. తర్వాత బుజ్జమ్మతో, "నా చేతికి గాజులు ఎన్నున్నాయి బంగారూ?" అంది. "ఒకటి, రెండు, ఐదు, అయిపోయినాయి" అని ఆ ఆసుపత్రిలో మొదటిసారి నవ్వింది మా పిల్ల.

కాబట్టి నోటు పుస్తకం రాయండి, గది అడగండి. సంచిలో ఒక జత బట్టలు, బిస్కెట్లు, నీళ్ళు పెట్టుకోండి, అక్కడ బాత్రూంకు తాళమే ఉండొచ్చు. ఇలాంటి బిడ్డలున్న అమ్మానాన్నలకు ఇంకో మాట. బిడ్డకు 18 నిండాక తన తరఫున బాధ్యత తీసుకునే గార్డియన్‌ను పెట్టడానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. కలెక్టరు కమిటీకి దరఖాస్తు పెట్టాలి. మీరు బతికి ఉన్నప్పుడే ఆ కాగితం చేయించండి. బుజ్జమ్మ వాళ్ళమ్మ ఆ పని చేసి ఉంటే నువ్వెవరని నన్ను ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

వాళ్ళన్నకు నిన్న సాయంత్రం ఫోన్ చేశాను, ఎత్తలేదు. బుజ్జమ్మ మాత్రం పొద్దున్నే నా దిండు కింద చెయ్యి పెట్టి గాజులు తీసుకుపోయింది.