కుమార పర్వతం ఎక్కడానికి కుక్కేలో రెండు రాత్రులు

కర్ణాటకలో పడమటి కనుమలలోని కుమార పర్వతం ఎక్కాలనుకొనే మా బెంగళూరువాళ్లందరమూ కొండ గురించి ఎంతో చదువుకొంటాము కానీ, కొండ కింద ఉన్న కుక్కే సుబ్రహ్మణ్యలో ఎక్కడ దిగాలి, ఏ వేళకు భోజనం చేయాలి, ఏ వస్తువు అక్కడ కొనవచ్చు అన్న విషయాలను ఊరు చేరాక చూసుకోవచ్చులే అనుకొంటాము. నేనూ అలాగే అనుకొని, పుష్యమాసంలో ఒక శుక్రవారం తెల్లవారుజామున, అమ్మతోనూ బావమరిదితోనూ ఆ ఊరి బస్టాండులో దిగాను. అమ్మ ఇక్కడి గుడిలో సర్పదోషం పోవడానికి చేసే ఆశ్లేష బలి పూజ చేయించుకోవాలని చాలాకాలంగా అడుగుతోంది. ఆమె పూజ, మా కొండ ఒకే ప్రయాణంలో జరుగుతాయని సంతోషించాను.

అటవీ శాఖ అనుమతి మాత్రం ముందుగానే తీసుకొన్నాను. ఈ కొండ పుష్పగిరి వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. 2024 జనవరిలో జనం విపరీతంగా వచ్చిపడిన తరువాత ప్రభుత్వం కొంతకాలం ట్రెక్కింగును ఆపి, ఆ పిమ్మట రోజుకు ఇంతమందికే అన్న పరిమితి పెట్టి ఆన్‌లైన్‌ బుకింగు మొదలుపెట్టింది. శని, ఆదివారాల చీట్లు త్వరగా అయిపోతాయి కనుక, అనుమతి చేతికి వచ్చాకే బస్సు టికెట్టు కొనడం మంచిది. బెంగళూరు మెజెస్టిక్‌ బస్టాండు నుంచి రాత్రి బస్సులు ఉన్నాయి. దూరం సుమారు 280 కిలోమీటర్లు. రైలులో వెళ్లేవారు సుబ్రహ్మణ్య రోడ్‌ స్టేషనులో దిగాలి. అది నెట్టణ అనే ఊళ్లో ఉంది, గుడికి సుమారు 12 కిలోమీటర్ల దూరం.

గది దగ్గరే చిక్కు వచ్చింది. ఫోనులో మాట్లాడుకొని బయానా కూడా పంపిన లాడ్జివారు, మేము వెళ్లేసరికి ఆ గదిని పూజకు వచ్చిన మరొక కుటుంబానికి ఇచ్చేశారు. అమ్మను సామాను దగ్గర అరుగు మీద కూర్చోబెట్టి ఆ చలిలో గది కోసం తిరిగిన గంటన్నరను నేను మరిచిపోలేను. ఆ ఊళ్లో గదులు ఎందుకు దొరకవో నాకు అప్పుడే అర్థమైంది. సర్పదోష నివారణకు చేసే సర్ప సంస్కారం రెండు రోజుల క్రతువు, దానికి వచ్చినవారు రెండు రోజులూ అక్కడే ఉంటారు. అందువల్ల మామూలు రోజున కూడా సగం ఊరు నిండే ఉంటుంది. ఇక మార్గశిరంలో చంపాషష్ఠి ఉత్సవాల సమయంలో కొండ కోసం వెళ్లేవారు గది మీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు. చివరకు దేవస్థానం వసతి గృహాల కౌంటరు దగ్గర వరుసలో నిలబడి, ఆధార్‌ కార్డు చూపించి, ఒక గది సంపాదించాము. అలంకారాలేమీ లేని ఆ గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, గుడి నడిచేంత దూరంలోనే ఉంది. పెద్దవాళ్లతో వెళ్లేవారు ముందు అక్కడే ప్రయత్నించాలని నా అభిప్రాయం.

అమ్మ కుమారధారలో స్నానం చేసి పూజకు కూర్చొంది. మేము అంగవస్త్రాలతో దర్శనం చేసుకొన్నాము. మగవారు చొక్కా తీసే లోపలికి వెళ్లాలి. మధ్యాహ్నం ముగ్గురమూ దేవస్థానం అన్నప్రసాదానికే వెళ్లాము. అన్నం, సారు (చారు), సాంబారు, పాయసం, మజ్జిగ; వడ్డించే చేతులు ఎంత వేగంగా కదిలినా, ఇంకొంచెం కావాలా అని అడగకుండా ఎవ్వరినీ దాటిపోలేదు. హోటళ్లలో ఉదయం పూట నీరు దోసె, అరటిపండు కలిపిన పిండితో చేసే మంగళూరు బన్సు, సాయంత్రం గోళిబజె అనే మైదా బజ్జీలు తప్పక తినాలి. పునర్పుళి (కోకం పండు) షర్బత్తు నాకు అన్నిటికంటే నచ్చింది. ఆ పులుపు ఎండలో నడిచి వచ్చినవారికి ప్రాణం లేచివచ్చేలా చేస్తుంది. గుడి చుట్టుపక్కల అంతా శాకాహారమే.

కొనుగోళ్ల విషయానికి వస్తే, రథవీధి దుకాణాలు పూజ కోసం ఉన్నవి. వెండి నాగపడగలు, కొబ్బరికాయలు, జీడిపప్పు, మిరియాలు, ఏలకులు కావలసినన్ని ఉంటాయి. నడకకు పనికివచ్చే వాటిలో అరటిపండ్లు, చిక్కీలు, బెల్లం, మందుల దుకాణంలో ఓఆర్‌ఎస్‌ పొడి, మోకాలి పట్టీ దొరికాయి. బావమరిది బూటు అడుగు ఊడిపోతే మాత్రం దానికి తగిన బూటు మాకు ఎక్కడా కనిపించలేదు. గట్టి దారంతో కుట్టించుకొని ఎక్కాడు. బూట్లు, తలకు కట్టుకొనే లైటు, వానచొక్కా బెంగళూరులోనే కొని తెచ్చుకోవాలి. వానలు వెనకబట్టిన కొత్తలో వెళ్లేవారు జలగల కోసం ఉప్పు మూట కట్టుకోవాలి.

శనివారం చీకటితోనే బయలుదేరాము. అంత పొద్దున ఏ హోటలూ తెరవరు కనుక, ముందురోజు రాత్రే చపాతీలు కట్టించుకొన్నాము. శిఖరం ఎత్తు 1,712 మీటర్లు, ఊరు దాదాపు సముద్రమట్టానికి దగ్గరగా ఉంటుంది, దారి ఒకవైపే సుమారు 13 కిలోమీటర్లు. ఈ మూడింటినీ కలిపి ఆలోచిస్తేనే ఎక్కుడు ఎంతటిదో తెలుస్తుంది. సుమారు 6 కిలోమీటర్లు దట్టమైన అడవిలో ఎక్కిన తరువాత భట్టర మనె, అంటే భట్టుగారి ఇల్లు, వస్తుంది. దారిలో అన్నం దొరికే చోటు అదొక్కటే కాబట్టి, ఎంతమందిమో ముందురోజే ఫోను చేసి చెప్పాను. చెక్‌పోస్టులో అనుమతి పత్రం, గుర్తింపు కార్డులు చూసి, మా సంచులలోని ప్లాస్టిక్‌ సీసాలు లెక్కపెట్టారు. ఆ పైన నీడ లేని గడ్డి కొండలే. కల్లుమంటపం (రాతి మండపం) దాటాక నీళ్ల మీద నమ్మకం పెట్టుకోకుండా మనిషికి 3 లీటర్లు మోసుకొన్నాము. శేషపర్వతం మీదుగా శిఖరం చేరి, అక్కడ అరగంట కూర్చొని, దిగుతూ భట్టర మనెలో వేడి అన్నం, సాంబారు, మజ్జిగ తిన్నాము. ఆ మజ్జిగను నేను నాలుగు గ్లాసులు తాగాను.

ఒక్కరోజులో ఎక్కి దిగడం మోకాళ్లకు పెద్ద శిక్ష. రెండో రాత్రికి గది ఉంచుకోకుండా ఆ రాత్రే బస్సు ఎక్కేవారిని చూసి నాకు బాధ కలిగింది. మేము గదికి చేరేసరికి బాగా చీకటి పడింది. అమ్మ తలుపు తీసి, "నాన్నా, వేడినీళ్లు పట్టి ఉంచాను, ముందు కాళ్లు ముంచుకో, అన్నప్రసాదం కట్టేస్తారేమో, త్వరగా వెళ్దాం" అంది. మేము వెళ్లేసరికి చివరి పంక్తి ఇంకా కూర్చోలేదు.